హాలిఫాక్స్‌లో కూసిన కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ను. చిన్నదాన్నే. ఇద్దరికి సరిపడా అన్నం వండగలను, ఒక్కడే ఉంటే రాత్రికి కూడా మిగల్చగలను. ఒళ్ళు చిన్నదైనా నా గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. ఆ గొంతు వల్లే ఒక మనిషి అబద్ధం కొన్నాళ్ళు నిలబడింది. అది కూలిన రోజున కూడా నేను పొయ్యి మీదే ఉన్నాను.

ఒక ఫ్యాక్టరీలో అల్యూమినియం బిళ్ళను యంత్రం కింద పెట్టి ఒక్క నొక్కుతో నన్ను గిన్నెగా మార్చారు. మూత బిగించి, ఆవిరి ఎక్కించి, పేలనని నమ్మకం కుదిరాకే బయటికి పంపారు. పుట్టిన రోజునే పరీక్ష నెగ్గి వచ్చే జాతి మాది. మనుషుల్ని అలా పరీక్షించకుండానే లోకంలోకి వదులుతారు, అందుకే వాళ్ళు ఎక్కడ పేలతారో ఎవరూ చెప్పలేరు.

తెనాలిలో ఒక స్టీలు సామాన్ల కొట్టులో నన్ను ఝాన్సీ కొంది. కెనడాలోని హాలిఫాక్స్‌లో చదువుకోడానికి వెళ్తూ పెట్టెలో పెట్టుకుంది. మనవాళ్ళకు ఖాళీ గిన్నెను ఊరు దాటించడం ఇష్టం ఉండదు. నా కడుపులో కందిపొడి, ఇంగువ డబ్బా, మారు రబ్బరు రింగు కుక్కి, మిగిలిన సందులో మేజోళ్ళు దూర్చారు. అక్కడి విమానాశ్రయంలో ఒక అధికారి నా మూత తీయబోయాడు. ఎటు తిప్పినా రాలేదు. చివరికి ఝాన్సీ చేతికే ఇచ్చి తీయమన్నాడు. ఆ క్షణంతో నాకు ఈ దేశమంటే భయం పోయింది.

ఈ ఊళ్ళో తెలుగు పిల్లలకు ఒక పద్ధతి ఉంది. చదువు ముగించి వెళ్ళేవాళ్ళు మంచం అమ్ముతారు, బల్ల అమ్ముతారు, కుర్చీ కూడా అమ్ముతారు. కుక్కర్‌ను మాత్రం అమ్మరు, కొత్తగా వచ్చిన వాళ్ళ చేతిలో పెట్టి వెళ్తారు. ఝాన్సీ ఉద్యోగం వచ్చి వేరే నగరానికి వెళ్తూ నన్ను నూకరాజుకిచ్చింది.

నూకరాజుది నర్సీపట్నం. కాకినాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. మందుల షాపుల బిల్లింగు కంప్యూటర్లు మొరాయిస్తే ఫోన్లో సరిచేయడం వాళ్ళ పని. షాపులకు సాయంత్రమే రద్దీ కాబట్టి అతనిది సాయంత్రం డ్యూటీ. ఆఫీసుకు వెళ్ళకుండా మొదటినుంచీ అక్కడి రామారావుపేటలో మేడ మీద అద్దె గదిలో కూర్చుని చేసేవాడు. కెనడాలో చదువుకోడానికి ఇచ్చే స్టడీ పర్మిట్ రాగానే గది ఖాళీ చేసి హాలిఫాక్స్ వచ్చేశాడు, ఉద్యోగాన్ని కూడా తనతోపాటు తెచ్చుకున్నాడు. కంపెనీకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఇక్కడి తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెద్దమనుషులున్నారు కదా. కంపెనీకి చెబితే ఉద్యోగం తీసేస్తారన్నారు. కాలేజీలో అడిగితే, చదువుకోడానికొచ్చి ఉద్యోగం చేస్తున్నావంటూ పర్మిట్‌కే మోసం వస్తుందన్నారు. అడగనంతవరకూ అన్నీ సవ్యంగా ఉంటాయని తేల్చారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఎప్పుడూ ఎవరినీ అడిగినవాళ్ళు కారు. అయినా నూకరాజు నమ్మాడు. భయపడే మనిషికి భయపెట్టేవాళ్ళ మాటే సలహాలా వినబడుతుంది.

కాకినాడలో సాయంత్రమైతే మాకు పొద్దున్న. బయట ఎండ కాస్తుంటే కిటికీకి దుప్పటి కట్టి, ట్యూబులైటు వేసి, రాత్రి భోజనం వేళ అన్నట్టు కూర్చునేవాడు. మధ్యాహ్నం క్లాసుకు వెళ్ళేముందు తినడానికి నన్ను పొయ్యి మీద పెట్టేవాడు. నేను కూయగానే ఫోన్లో అవతల కంపెనీ యజమాని సత్తిబాబు గారు నవ్వేవారు. "ఏంటయ్యా, ఇయ్యాల పప్పేనా?" అనేవారు. కుక్కర్ కూస్తున్న ఇల్లు కెనడాలో ఉంటుందని ఎవరనుకుంటారు? నేను ఏ దేశంలో కూసినా తెలుగిల్లే గుర్తొస్తుంది, అందులో నాకు గర్వమే.

చలికాలం మొదట్లో కాకినాడ మీద తుపాను పడింది. నూకరాజు తన వాళ్ళకు ఫోన్ చేసి క్షేమం కనుక్కున్నాడు. గాలి తగ్గిన రోజు సాయంత్రం, అంటే మా పొద్దున్న, ఎప్పటిలాగే డ్యూటీలో కూర్చున్నాడు. జనరేటర్లతో నడుస్తున్న షాపులకు వరసబెట్టి జవాబులు చెబుతున్నాడు. తుపాను సంగతి అతనికి బాగా తెలుసు. తాను కాకినాడలో ఉన్నట్టు లెక్క అన్న సంగతే మర్చిపోయాడు.

సత్తిబాబు గారు ఫోన్ చేశారు. "నూకరాజూ, మీ ఇంటికాడ కరెంటుందేంటి?"

"ఆయ్, ఉందండి," అనేశాడు. సరిగ్గా అప్పుడే నేను కూశాను.

"బతికించావయ్యా. ఊరంతా చీకటి. మా అమ్మకి ఆయాసం ఎక్కువైపోయింది, నెబులైజర్ పెడదామంటే కరెంటు లేదు. ఆసుపత్రి దారిలో చెట్లు పడిపోయాయంట. అమ్మనెక్కించుకుని ఆటోలో నీ గదికే వస్తన్నాను. కుక్కర్ కూడా పెట్టినట్టున్నావు, ఆవిడికి ఓ ముద్ద ఉంచు."

కరెంటు ఇప్పుడే పోయిందండీ అని నూకరాజు అంటే చాలు, ఉద్యోగం మిగులుతుంది, పర్మిట్ మిగులుతుంది. ఆ మాట అనడానికే నోరు తెరిచాడు. ఫోన్లో ముసలావిడ ఊపిరి లాగుతున్న చప్పుడు వినబడింది. నేను వదిలే ఆవిరికి బలం ఉంటుంది, ఆ ఊపిరికి అది లేదు. అతని నోట ఆ మాట రాలేదు.

"సార్, నేనక్కడ లేనండి. కెనడాలో ఉన్నాను, చదువుకోడానికొచ్చాను. మీకు చెప్పలేదు. నా గదిలో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు, అక్కడికెళ్ళకండి. లైన్లోనే ఉండండి."

రెండో ఫోన్ తీశాడు. ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ కోసం రాత్రంతా జనరేటర్ నడిపే మందుల షాపు ఒకటి రామారావుపేట మొదట్లోనే ఉంది. కాసేపటి క్రితం ఆ షాపు బిల్లింగు సరిచేసింది అతనే. షాపు యజమానిని బతిమాలనక్కర్లేకపోయింది, కుర్చీ వేసి ఉంచుతానన్నాడు. నూకరాజు సత్తిబాబు గారికి ఆ షాపు గుర్తులు చెప్పాడు. ఆయన అటే ఆటో తిప్పించారు. కౌంటరు వెనక నెబులైజర్ పెట్టిన చప్పుడు, కొంతసేపటికి ఆవిడ మంచినీళ్ళడిగిన గొంతు ఫోన్లో వినబడ్డాయి. అప్పుడు లైను తెగింది. నన్ను దించేవాడు లేక అడుగు మాడిపోయింది. జీవితంలో అన్నం మాడినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

మర్నాడు అతని లాగిన్ పనిచేయలేదు. మంచం మీద కూర్చుని ఝాన్సీకి ఫోన్ చేశాడు.

"ఉద్యోగం పోయింది అక్కా. ఆయన ఎవరికైనా చెబితే పర్మిట్ కూడా పోతుంది."

"పోతుందని ఎవరన్నారు? ఇన్నాళ్ళూ గ్రూపువాళ్ళ మాట విన్నావు కదా, ఇవాళ నా మాట విను. కాలేజీకి వెళ్ళి అడుగు."

కోటు వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి కోటు కూడా విప్పకుండా మళ్ళీ ఆమెకే ఫోన్ చేశాడు.

"కాలేజీలో విదేశీ విద్యార్థుల పనులు చూసే ఆవిడ నా కాగితాలన్నీ చూసింది అక్కా. కంపెనీ ఇండియాలో ఉంది కాబట్టి నేను చేసే పనికి పర్మిట్ అడ్డం రాదంట. మొదట్లోనే వచ్చి అడగాల్సింది కదా అంది." అంటూ నవ్వబోయి ఏడ్చేశాడు. నాకూ కళ్ళుంటే తడిసేవి.

ఆ వారం చివర్లో సత్తిబాబు గారే ఫోన్ చేశారు. అక్కడుండి ఈ పని చేయొచ్చా అని అడిగి, కాలేజీలో చెప్పిందంతా విన్నారు.

"నువ్వెక్కడున్నావన్నది నాకు పట్టింపు కాదయ్యా. చెప్పకపోవడమే కష్టంగా ఉంది. ఆ రోజు ఆఖర్లో అయినా చెప్పకపోయుంటే, చీకట్లో ఎవరిదో గుమ్మం ముందు అమ్మనెట్టుకుని కూర్చునేవాణ్ణి."

"తప్పేనండి."

"లాగిన్ పొద్దున్నే తెరిపించాను, పని చూసుకో. ఇదిగో, అమ్మ ఒకటే అడుగుతోంది. ఆ అబ్బాయిది ఏ ఊరు, ఓ పూట భోజనానికి తీసుకురా అంటోంది. ఏం చెప్పమంటావు?"

నూకరాజు లేచి కిటికీకి కట్టిన దుప్పటి విప్పేశాడు.

"పుట్టింది నర్సీపట్నమండి. ఇప్పుడు ఉండేది హాలిఫాక్స్. ఊరొచ్చిన రోజు ముందు మీ ఇంటికే వస్తానని చెప్పండి."