పగలొకరు, రాత్రొకరు

నేను ఒక మడత మంచాన్ని. ఇనప గొట్టాల చట్రం, నీలం తెలుపు చారల నైలాన్ నవారు, నడుము దగ్గర ఒక మడత. పందిరి మంచాలూ పట్టెమంచాలూ నన్ను చిన్నచూపు చూస్తాయని తెలుసు. చూడనివ్వండి. వాటిని ఒకసారి ఒక గదిలో దింపితే ఇక ఆ నాలుగు గోడలే వాటి లోకం. నేను ఆటోల మీదా, ట్రాలీల మీదా, ఒక్కోసారి మనుషుల నెత్తి మీదా హైదరాబాదంతా తిరిగినదాన్ని. నాకు లేనిదల్లా ఒక ఇల్లు.

బాలానగర్‌లో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. పుట్టిన వారంలోనే టెంటుహౌసు వాళ్ళు కొనుక్కుపోయారు. పెళ్ళిళ్ళకు అద్దెకు వెళ్ళేదాన్ని. మగపెళ్ళివారికి పరుపులు వేస్తే, వంటవాళ్ళకూ డ్రైవర్లకూ నన్ను వేసేవాళ్ళు. అయినా బాగుండేది. పిల్లలు నా మీద ఎక్కి గంతులేసేవాళ్ళు, పెద్దవాళ్ళు కూర్చుని కానుకల గురించి గుసగుసలాడేవాళ్ళు. మనుషులు నలుగురు చేరితే ఎంత గోల చేస్తారో, ఎంత తేలిగ్గా అలుగుతారో, అలిగినవాళ్ళే కాఫీ రాగానే ఎంత తొందరగా లేచి వస్తారో అప్పుడే చూశాను.

తర్వాత టెంటుహౌసు మూతపడింది. పాత సామాను కొట్లో కొన్నాళ్ళు దుమ్ము తిన్నాక, ఒక పరిశోధక విద్యార్థి నన్ను కొన్నాడు. వీళ్ళొక విచిత్రమైన జాతి. ముప్పై దగ్గర పడుతున్నా విద్యార్థులే. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేది వీళ్ళు, యంత్రాలు నడిపేది వీళ్ళు, పేపర్లు దిద్దేది వీళ్ళు. పని చేయించుకునేటప్పుడు 'మీరు లేకపోతే డిపార్ట్‌మెంటే లేదు' అంటారు. జీతం పెంచమంటే 'చదువుకునే పిల్లలకు జీతమేమిటి?' అని ఆశ్చర్యపోతారు. వీళ్ళలో ఒక ఆచారం ఉంది. థీసిస్ ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు తమ మంచాన్ని వెనక వచ్చేవాళ్ళకు ఊరికే ఇచ్చేసి పోతారు. అలా చేతులు మారుతూ మారుతూ నేను హైమ దగ్గరికి చేరాను.

హైమది పాలకొండ వైపు. రసాయనశాస్త్రంలో పరిశోధన. ఐదేళ్ళు దాటినవాళ్ళకు హాస్టల్ లేదన్న నియమం కింద ఆమెను బయటికి పంపారు. మరో రెండేళ్ళలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, అప్పటిదాకా పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఉండటానికి చోటు ఉంటేనే థీసిస్, లేకపోతే లేదు. క్యాంపస్ చుట్టూ అద్దాల మేడలు లేచాక అద్దెలు కూడా వాటితోపాటే లేచాయి. వెతగ్గా వెతగ్గా ఒక మేడ మీద రేకుల గది దొరికింది. అదైనా ఒక్కదానివల్ల కాలేదు. అందుకని భూలక్ష్మితో కలిసి తీసుకుంది.

భూలక్ష్మిది జనగామ. చరిత్రలో పరిశోధన. చేరిన నాటినుంచీ హాస్టల్ కోసం ఎదురుచూస్తూనే ఉంది, అడిగినప్పుడల్లా 'గదుల్లేవమ్మా' అన్న మాటే. ఇక మా గదిలో ఒక స్టవ్వు, ఒక బకెట్టు, రెండు ట్రంకు పెట్టెలు పెట్టాక మిగిలిన జాగాలో నేనొక్కదాన్నే పడతాను. అయినా ఇబ్బంది లేకపోయింది. హైమకు కావలసిన పెద్ద యంత్రం మీద పగలంతా కంపెనీల సరుకు పరీక్షిస్తారు, వాళ్ళు డబ్బు కడతారు కదా. విద్యార్థుల వంతు రాత్రికి. భూలక్ష్మి పగలు తన గైడు బదులు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. కాబట్టి రాత్రి భూలక్ష్మి, పగలు హైమ. ఒకరి వేడి చల్లారకముందే ఇంకొకరు నా మీద వాలేవాళ్ళు.

ఏడాది అలా గడిచింది. ఇద్దరూ కలిసేది మెట్ల మీదే.

“తిన్నవా?” అనేది భూలక్ష్మి దిగుతూ.

“తిన్నాను. నువ్వు?” అనేది హైమ ఎక్కుతూ.

ఇద్దరివీ అబద్ధాలే. ఆ సంగతి నాకు తెలుసు, ఆకలితో పడుకున్న మనిషి ఎటు దొర్లుతుందో నా నవారుకు తెలుస్తుంది. ఎండాకాలం రేకుల కింద హైమ మొహం మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేది. ఆ తువ్వాలు తడిపి, పిండి, మడతపెట్టి వెళ్ళేది భూలక్ష్మి. హైమ లేచి వెళ్ళేముందు ఇంత చారు కాచి మూతపెట్టి వెళ్ళేది. భూలక్ష్మి ఏడ్చిన రాత్రులు హైమకు తెలియవు. హైమ ఏడ్చిన మధ్యాహ్నాలు భూలక్ష్మికి తెలియవు. ఎదుటిదాని గుండె రాయి అని, తనదే పిరికిదని ఇద్దరూ అనుకునేవాళ్ళు. ఇద్దరి సంగతీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకా నోరు లేదు. అంత దగ్గరగా ఉంటూ అంత ఒంటరిగా ఉన్న మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు సమ్మె వచ్చింది. ఫెలోషిప్ పెంచాలి, హాస్టల్ ఇవ్వలేనివాళ్ళకు అద్దె భత్యం ఇవ్వాలి, అంతదాకా ల్యాబులూ క్లాసులూ బంద్ అన్నారు పరిశోధక విద్యార్థులు. అంతా బాగానే ఆలోచించారు. ఎన్ని యంత్రాలు ఆగుతాయో, ఎన్ని క్లాసులు పోతాయో లెక్కలు కట్టారు. సమ్మె చేస్తే ఈ ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉంటారన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి రోజు పొద్దున్న హైమ యంత్రం కట్టేసి ఇంటికొచ్చింది. భూలక్ష్మి క్లాసుకు వెళ్ళలేదు. ఇద్దరూ నాకు చెరోవైపు నిలబడి, కొత్తగా చుట్టరికం కలిసినవాళ్ళలా మొహమాటపడ్డారు.

“నువ్ పండుకో. రాత్రంతా మేల్కొని ఉన్నవ్,” అంది భూలక్ష్మి.

“నాకేటీ నిద్దర రావట్లేదు. నువ్వే తొంగో,” అంది హైమ. కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

“ఇప్పుడే కదనే లేశిన! నాకేం నిద్ర?”

“అయితే ఊరికే నడుం వాల్చు.”

చివరికి ఇద్దరూ నేల మీద కూర్చున్నారు, నేను మధ్యలో ఖాళీగా. మనుషుల మర్యాద ఇలాగే ఉంటుంది. కాసేపటికి భూలక్ష్మి నన్ను చూసి ఫక్కున నవ్వింది.

“ఇగో, హైమా! మనకు ఇల్లు లేదని బోర్డు రాసుడెందుకే? ఈ మంచం తీస్కపోయి ఆళ్ళ ముంగట ఏస్తే సాలు.”

ఇద్దరూ నన్ను చెరోవైపు పట్టుకుని మెట్లు దింపారు. ఆ రోజు వాళ్ళు దారి పొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఏడాది మాటలన్నీ ఒక్క నడకలో తీర్చుకున్నట్టు.

పరిపాలనా భవనం ముందు టెంటు కింద నన్ను వేశారు. 'ఈ మంచం పగలొకరిది, రాత్రొకరిది' అని ఒక అట్టముక్క కట్టారు. పేపరు వాళ్ళు ఫోటో తీశారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వమొచ్చింది. నలుగురేసి ఎక్కి కూర్చునేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళు. హైమా భూలక్ష్మీ నా మీద పక్కపక్కన కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగారు. నా బతుకులో పెళ్ళిళ్ళ కాలం తిరిగొచ్చిందనుకున్నాను.

వారాలు గడిచాక అధికారులు దిగివచ్చారు, కానీ సగమే. అద్దె భత్యం ఇస్తాం, ఐదేళ్ళు దాటనివాళ్ళకు మాత్రమే, ఒప్పుకుంటే ఇప్పుడే, లేదంటే ఎవరికీ లేదు అన్నారు. భూలక్ష్మికి వస్తుంది. హైమకు రాదు. టెంటు కింద గొడవైంది. ఒప్పుకుందామనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఎవరూ కదల్లేదు. అందరూ హైమ లాంటివాళ్ళ మొహాలకేసి చూడటం, చూసి తల దించుకోవడం. అప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది హైమే.

భూలక్ష్మి ఆ చెయ్యి పట్టి కిందికి లాగింది. “పిచ్చా నీకు? నువ్వెందుకు ఎత్తుతున్నవే?”

“నానెత్తకపోతే నీకూ రాదు కదేటి,” అంది హైమ, మళ్ళీ ఎత్తింది.

ఆమె వెనకే మిగతా చేతులూ లేచాయి, సమ్మె గెలిచింది. రంగులు చల్లుకున్నారు. మర్నాటికల్లా అంతా ల్యాబులకు పోయారు. భూలక్ష్మి ఇద్దరం ఒకచోటే ఉందామని బతిమాలింది. హైమ మాత్రం నీ భత్యం మీద నేను పడి తినలేనంది. చుట్టాలింట్లో గది దొరికిందని అబద్ధం చెప్పింది. రేకుల గది ఖాళీ అయింది. నన్ను సమ్మె సామాను కింద జమకట్టి సెక్యూరిటీ వాళ్ళు మోసుకుపోయి, ఒక పాత హాస్టల్ బ్లాకులో విరిగిన కుర్చీల మధ్య పడేశారు.

కొన్నాళ్ళకు హైమ నాకోసం వచ్చింది. ఒళ్ళు సగమైంది. యాదగిరి అనే గార్డు తాళం తీసి, “తొందరగా తీస్కపో అమ్మా,” అన్నాడు. ఆమె లోపలికొచ్చి ఆగిపోయింది. గది. ఫ్యాను, కిటికీ, గోడ అలమర, కొళాయి. తలుపు మీద ఎప్పటి విద్యార్థి పేరో సగం చెరిగి ఉంది. ఆమె బయటికి వెళ్ళి వరండా పొడుగునా చూసింది. అన్నీ అలాంటి తలుపులే, అన్నిటికీ తాళాలే. భూలక్ష్మి అడిగినప్పుడల్లా 'గదుల్లేవు' అన్న చోట వరసంతా గదులు. హైమ లోపలికొచ్చి గడియ పెట్టుకుంది. యాదగిరి ఎంత పిలిచినా తియ్యలేదు.

సాయంత్రానికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. మెత్తని గొంతు. తలుపు అవతలి నుంచే మాట్లాడాడు.

“చూడమ్మా, ఈ బ్లాకు శిక్షణకు వచ్చే కంపెనీ వాళ్ళ కోసం అట్టే పెట్టాం. ఇది బయటికి పొక్కితే మళ్ళీ గొడవ. నువ్వు తెలివైన పిల్లవు. థీసిస్ అయ్యేదాకా ఇక్కడే ఉండు. అద్దె వద్దు, ఏమీ వద్దు. ఎవరికీ చెప్పకు, ఎవర్నీ రానివ్వకు, అంతే.”

హైమ అరచేయి నా పట్టెను నొక్కుతూనే ఉంది. ఆమె ఇల్లూ వాకిలీ లేక ల్యాబు బల్లల మీద కునుకు తీసిన రోజులు ఆ అరచేతిలో తెలుస్తున్నాయి. చివరికి “సరేనండి” అంది.

నేను ఆమెను తప్పుపట్టను. తలకింద దిండు ఉన్నవాళ్ళు తీర్పు చెప్పడం తేలిక.

ఇప్పుడు రాత్రీ పగలూ నేను ఆమెదాన్నే. రాసుకుంటుంది, యంత్రం దగ్గరికి వెళ్ళొస్తుంది, పడుకుంటుంది. ఫ్యాను తిరుగుతుంది, ఇక తడి తువ్వాలు అక్కర్లేదు. థీసిస్ నడుస్తోంది. భూలక్ష్మి ఫోను చేస్తుంది. 'ఏడున్నవ్?' అన్నదే ఆమె మొదటి మాట కాబట్టి హైమ ఎత్తడం మానేసింది. మోగినంతసేపూ చూస్తూ కూర్చుంటుంది. ఆగాక కూడా చూస్తుంది. ఆమెకు కావలసింది దొరికింది, దానితో ఇంత ఏకాకితనం వస్తుందని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మొన్న మధ్యాహ్నం వరండా చివర, మెట్ల దగ్గర అడుగులు వినిపించాయి. హైమ రాయడం ఆపింది.

“ఇందుల ఎవరుంటరన్నా?” భూలక్ష్మి గొంతు.

“ఎవ్వలుండరమ్మా. అంత ఇరిగిన సామానే,” అన్నాడు యాదగిరి.

“మా మంచం గుడ ఇందులనే ఏశిండ్రట. ఇప్పియ్యన్నా, తీస్కపోత.”

“తాళంచెయ్యి నా తాన లేదు. పాతమంచం నీకెందుకమ్మా?”

భూలక్ష్మి గొంతు తగ్గించింది.

“నేను రూము తీస్కున్ననన్నా. పెద్దదే, రెండు మంచాలు పడ్తయ్. మా దోస్తు ఉంటది, హైమ అని. ఏడుందో తెలుస్తలేదు, ఫోను ఎత్తదు. నామీద కోపం గావచ్చు. ఎప్పుడన్న వస్తే... పండనీకి దాని మంచం ఉంటదని.”

హైమ లోపలే ఉందని యాదగిరికి తెలుసు, కానీ అతని ఉద్యోగం పోకూడదు కదా. హైమ లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. తీస్తే గది పోతుంది, థీసిస్ పోతుంది. గదికంటే ముందు, ఇన్నాళ్ళూ ఈ తాళాల వరస చూస్తూ నోరు మూసుకున్నందుకు భూలక్ష్మి మొహం చూడాల్సి వస్తుంది. తియ్యమ్మా, తియ్యి, అని నేను అరిచాను. మంచాల అరుపు మనుషులకు వినిపించదు.

“తాళంచెయ్యి దొరికితే ఫోన్ చెయ్యన్నా,” అంది భూలక్ష్మి. అడుగులు మెట్ల వైపు వెళ్ళాయి, మెట్లు దిగాయి, గేటు చప్పుడైంది.

అప్పుడు హైమ గడియ తీసింది. వరండా ఖాళీగా ఉంది. అటూ ఇటూ తాళాల తలుపులు.

“ఇక్కడే ఉన్నానే భూలక్ష్మీ,” అంది, గొంతు పైకి రాకుండా.

వరండా చివర నిలబడ్డ యాదగిరి తల తిప్పి చూశాడు. లోపలికి వెళ్ళమ్మా అన్నట్టు చేత్తో సైగ చేశాడు. హైమ లోపలికొచ్చి తలుపేసుకుంది.