జాబితాలో రాని పేర్లు

అమ్మా నేనూ విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తుండగా కేశవన్న వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ధర్మవరంలో నేను పనిచేసే పట్టుచీరల కంపెనీలోనే ఆయన డిజైన్లు గీసేవాడు. అక్కడి కంప్యూటర్లు చూసుకునేది నేను. నాలుగు రోజుల క్రితం ఆయన్ని పనిలోంచి తీసేశారు. కొత్త పెళ్లిచీర అంచు మా మగ్గమెక్కక ముందే వేరే అంగట్లో కనబడింది. డిజైన్ల ఫోల్డరు ఎవరెవరు తెరవగలరని షావుకారు అడిగితే జాబితా తీసిచ్చింది నేనే. అందులో రెండే పేర్లు. ఒకటి షావుకారుది, రెండోది కేశవన్నది.

“ఏమప్పా కేశవా, ఇంత ఎండలో వస్తివి?” అంది అమ్మ.

“ఇంట్లో ఇంకా ఎక్కువ కాలుతాండాది చిన్నమ్మా,” అని నావైపు తిరిగాడు. “హేమా, ఆ జాబితా మళ్ల ఒకసారి తీయి. మీ కంప్యూటరుకు నా పేరొక్కటే తెలిసినట్లుండాది.”

చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ తెచ్చాను. నల్లటి తెరమీద మొన్నటి కమాండే కొట్టాను. అవే రెండు పేర్లు వచ్చాయి.

“ఇంకో దోవ లేదా?” అన్నాడు.

ఉంది. ఫోల్డరు తెరిచే అనుమతి ఉన్నవాళ్లను కంప్యూటరులో ఒక గ్రూపుగా పెడతాం. ఆ గ్రూపులో మనుషులనే కాదు, ఇంకో గ్రూపును కూడా చేర్చవచ్చు. నేను వాడిన కమాండు నేరుగా చేరిన మనుషులనే చూపుతుంది, లోపలి గ్రూపుల ఊసెత్తదు. వాటిని కూడా విప్పి చూపే కమాండు వేరే ఉంది. ఆ రోజు షావుకారు పక్కనే నిలబడి తొందరపెడుతుంటే దాన్ని వాడలేదు.

ఇప్పుడు కొట్టాను. పేర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి. డిజైన్ల గ్రూపులో అమ్మకాల గ్రూపు, దాని లోపల హిందూపురం బ్రాంచి గ్రూపు.

“పదకొండు మంది,” అన్నాడు కేశవన్న. “వీళ్లంతా నా గీతలు చూసేటోళ్లేనా?”

“చూడొచ్చన్నా. ఎవరు తీసినారో మాత్రం ఇది చెప్పదు.”

“నేనే తీసినానని కూడా చెప్పదు గదా.”

“చెప్పదు.”

“అమ్మకాలోళ్లను తెచ్చి ఈడ పెట్టిందెవరు?”

అమ్మ చేతులు ఆగిపోయాయి.

“నేనే,” అన్నాను. “మాఘమాసం పెళ్లిళ్లప్పుడు డిజైన్లు కావాలని అడిగినారు. ఒక్కొక్కరినీ చేర్చే ఓపిక లేక గ్రూపుకు గ్రూపే చేర్చినా. మళ్ల మర్చిపోయినా.”

నేనిచ్చిన జాబితా తప్పు, సరైనది ఇదీ అని షావుకారుకు మెయిల్ రాశాను.

“వాళ్లను చేర్చింది నువ్వేనన్న మాట కూడా రాయి,” అన్నాడు కేశవన్న.

“రాస్తే దీని పని పోతాది కదప్పా,” అంది అమ్మ.

“నాది పోలేదా చిన్నమ్మా? దొంగ అని పేరు పెట్టి పంపినారు.”

అమ్మకాల గ్రూపును చేర్చింది నేనేనని, ఆ సంగతి మర్చిపోయి కేశవన్న మీదికి నింద తెచ్చానని రాశాను. తెర ఆయన వైపు తిప్పాను. పెదవులు కదుపుతూ చివరిదాకా చదివి తల ఊపాడు. పంపాను.

అమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. ఆయన అందుకోలేదు. లేచి, పంచె దులుపుకుని, మా ఇద్దరిలో ఎవరికీ పోయొస్తానని చెప్పకుండా గడప దాటి వెళ్లిపోయాడు.