ఎడమ గోడ మీద గీతలు

"ఒక్క ఐదు నిమిషాలు ఇది పట్టుకో, చాలు" అన్నారు మా ఆయన. పదకొండేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను బట్టలు మడతపెడుతున్నాను. ఆయన చేతిలో చిన్న పట్టకారు, దాని కొసన బియ్యపు గింజలో సగం ఉన్న ప్లాస్టిక్ ముక్క. యుద్ధ విమానం నడిపేవాడి ఎడమ చేతి దగ్గర ఉండే పిడి అట అది. జిగురు ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఆయన చెయ్యి వణుకుతుంది. వణుకుతుందని మాత్రం ఒప్పుకోరు, "లైటు సరిగా లేదు" అంటారు. సరేనని నేను పట్టుకున్నాను. ఐదు నిమిషాలైంది, పదైంది. ఆయన లేచి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. పిడి అంటుకుంది. ఎలాగూ కూర్చున్నాను కదా అని పక్కనున్న చక్రానికి రంగు కూడా వేసేశాను. ఆ ఐదు నిమిషాలు ఇంకా అయిపోలేదు.

నేను పళ్ళు చేస్తాను. నవ్వకండి, నిజంగానే పళ్ళు చేస్తాను. డెంటల్ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అదే పని. డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, మేం పింగాణీతో తొడుగులు చేసి పంపిస్తాం. తొడుగు చెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు. రంగు కుదర్చడం మాత్రం అందరి వల్లా కాదు. పన్ను తెల్లగా ఉంటుందనుకుంటారు గానీ ఏ పన్నూ తెల్లగా ఉండదు. మొదట్లో పసుపు, కొసన నీలం నీడ, మధ్యలో ఎన్నో ఏళ్ళ కాఫీ. పక్క పన్ను ఎంత పాతబడిందో నా పన్ను కూడా అంతే పాతబడినట్టు ఉండాలి. బాగా కుదిరిందంటే అర్థం, అక్కడ నా పని ఉందని ఎవరికీ తెలియకపోవడమే. పేషెంటు డాక్టరుకి దండం పెడతాడు, డాక్టరు మా ఓనరుకి ఫోన్ చేసి మెచ్చుకుంటాడు, ఓనరు నా దగ్గరకొచ్చి "రేపు ఇంకో ఆరున్నాయి, కాస్త ముందుగా రా" అంటాడు. నా దాకా వచ్చేసరికి మెచ్చుకోలు పనిగా మారిపోతుంది.

ఇంట్లో కూడా అదే తంతు. మా ఆయన నీటి సరఫరా ఆఫీసులో సూపర్వైజరు. విమానం ఎక్కింది జీవితంలో రెండుసార్లు. కానీ బొమ్మ విమానాలు చేసేవాళ్ళ క్లబ్బులో ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు కొలతతో ముక్కలు పెట్టెలో వస్తాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగులు వెయ్యాలి. ఈ పనిలో ఒక వరస ఉంది. ముందు కాక్‌పిట్, తర్వాతే విమానం. లోపల కుర్చీ, డయళ్ళు, పిడులు అన్నీ పూర్తయ్యాకే విమానం పొట్ట రెండు సగాల్నీ కలిపి మూస్తారు. మూసేశాక లోపల వేలు కూడా పట్టదు. కాబట్టి ఏ కొత్త విమానమైనా ముందు నా బల్ల మీదికే వస్తుంది. కిటికీ పక్కన, డైనింగ్ టేబుల్‌కి ఆ చివర. రంగులకు పగటి వెలుతురే కావాలి గనుక ఆదివారం వంట ముగించి, గిన్నెలు కడిగి, రెండింటికి కూర్చుంటాను. రెండున్నరకి ఆయన తొంగిచూస్తారు. "ఇంకా అవ్వలేదా?" అంటారు. భోజనం గురించి అడిగినట్టే అడుగుతారు.

నా బొటనవేలి గోరంత చోటు అది. మాత్రల అట్ట వెనకుండే రేకుని సన్నగా కోసి సీటు బెల్టులు చేస్తాను. డయల్లో ముల్లు గీయడానికి బ్రష్షుకి ఒక్క వెంట్రుక మిగిల్చి తక్కినవి కత్తిరించేస్తాను. ఊపిరి బిగబట్టి, గుండె కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య గీయాలి. డయల్ మీద గాజులా మెరవాలంటే సూది మొనతో ఒక్క చుక్క వార్నిషు, సరిగ్గా పన్నుకి మెరుపు ఇచ్చినట్టే. యుద్ధం గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఎవరి కొడుకో ఆ కుర్చీలో కూర్చున్నాడు. వాడి మోకాళ్ళు ఎక్కడ తగిలేవి, వాడి చెయ్యి దేన్ని వెతుక్కునేది, అదొక్కటే నాకు కావాలి. అది ఆలోచిస్తుంటే నా నడుం నొప్పి కూడా నాకు గుర్తుండదు.

మా అత్తయ్య ఉన్న రోజుల్లో ఆ బల్ల పక్కన నిలబడి "ఈ వయసులో బొమ్మలతో ఆటలేంటే, పిల్లదానిలా" అనేది. ఎవరైనా ఇంటికొస్తే అవే బొమ్మల్ని అద్దాల బీరువా తెరిచి చూపించి "మావాడి చేతిలో కళ ఉందండీ, చిన్నప్పట్నుంచీ అంతే" అని మురిసిపోయేది. ఒకే బొమ్మ, నా చేతిలో ఉంటే ఆట, బీరువాలోకి వెళ్తే కళ. ఆవిడ మీద నాకిప్పుడు కోపం లేదు. అప్పుడు మాత్రం బోలెడంత ఉండేది.

క్లబ్బువాళ్ళు ఇంటికొచ్చినప్పుడు భూతద్దాలు పెట్టి చూసేది కాక్‌పిట్లనే. రెక్కల కింద జిగురు కారినా క్షమించేస్తారు. కాక్‌పిట్ చెయ్యడం చేతకానివాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు, పైన గాజు మూతకి లోపల్నుంచి నల్ల రంగు పూసేస్తారు, లోపలేముందో కనపడకుండా. వాళ్ళని చూసి మా ఆయన నవ్వినంత గట్టిగా ఇంకెవరూ నవ్వరు. "నల్లద్దాలు పెట్టుకుని సిగ్గు దాచుకుంటే ఎలా బాబూ" అంటారు. నేను టీ కప్పులు పెట్టి వెనక్కి తిరుగుతుంటే ఎవరో ఒకరు "ఈ ముళ్ళు ఎలా గీశారు కెప్టెన్?" అని అడుగుతారు. ఆయన "ఓపిక ఉండాలి" అంటారు. నేను వింటున్నానని గుర్తొస్తే "మా ఆవిడ కూడా సాయం చేస్తుందిలెండి, చిన్న చిన్నవి" అని కలుపుతారు.

ఏటా క్లబ్బు ప్రదర్శన ఉంటుంది. ప్రతి బొమ్మ ముందూ ఒక కార్డు, దాని మీద తయారుచేసినవాళ్ళ పేరు. నాలుగేళ్ళ కిందట ఒకసారి అడిగాను, ఏవండీ, కార్డు మీద నా పేరు కూడా రాస్తే ఏం, అని. ఆయన పకపకా నవ్వారు. "రెండు పేర్లు రాస్తే పెళ్ళి కార్డనుకుంటారే" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు తర్వాత చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. పళ్ళ దగ్గర నా పేరు ఉండదు, సరే, అది ఉద్యోగం. కానీ ఇది నా ఆదివారాలతో చేసింది. నా చేత్తో చేసిందని ఇంకొక్క మనిషికైనా తెలియాలి. అంతకుమించి నాకు ఏ కోరికా లేదు. అంత చిన్న కోరిక నోరు తెరిచి అడగాల్సి రావడమే నన్ను తినేసేది.

ఈ ఏడాది విమానానికి లోపల ఆకుపచ్చ. కుర్చీ, బెల్టులు అన్నీ అయిపోయాయి, అయినా ఏదో లోటు. మరీ కొత్త పన్నులా ఉంది. అది ఎందుకో అర్థం కాక లేచి టీ గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. మా సింకు ముందు చెక్క అంచుకి ఎడమ పక్కన రంగు పోయి, వంపు వంపుగా గీతలుంటాయి. గిన్నె పట్టుకున్న ఎడమ చెయ్యి అక్కడే ఆనుతుంది, వాచీ గొలుసు రాసుకుంటుంది. పంతొమ్మిదేళ్ళ గీతలు. "కాస్త జాగ్రత్తగా కడగలేవా, అంచంతా గీరిపారేశావ్" అని ఆయన విసుక్కున్న గీతలు. ఆ రోజు వాటినే చూస్తూ నిలబడిపోయాను. విమానం నడిపేవాడి కుడి చెయ్యి మధ్యనున్న కర్రని వదలదు. ఎడమ చెయ్యి గోడ పక్కనున్న పిడి మీద ఉంటుంది, గంటలు గంటలు. మణికట్టు గోడ అంచుకి ఆనుతుంది, చొక్కా చేతి గుండీ రాసుకుంటుంది. తడి చేత్తోనే వచ్చి కూర్చుని ఎడమ గోడ అంచు మీద, పిడి కిందుగా, ఆకుపచ్చ అరిగి వెండి రంగు తేలేలా సన్నగా వంపు గీతలు వేశాను. కుడివైపు వెయ్యలేదు. అప్పుడు ఆ కుర్చీలోంచి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. ఆ ఆదివారం నన్ను చూసి నాకే గర్వమేసింది. ఆయన వచ్చి చూసి "బాగానే ఉంది, మూసేస్తున్నా" అన్నారు.

ప్రదర్శన రోజు న్యాయనిర్ణేతగా కొత్తాయన వచ్చారు. రిటైరైన విమాన మెకానిక్కు. చెవిలో మిషను, చేతిలో పెన్నంత టార్చి. క్లబ్బు పద్ధతి ప్రకారం బొమ్మ చేసినవాళ్ళే బల్ల పక్కన నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలి, మిగతావాళ్ళు తాడు వెనక ఉండాలి. మా ఆయన బల్ల పక్కన ఉన్నారు. నేను తాడు వెనక ఆయన సంచీ పట్టుకుని ఉన్నాను.

మెకానిక్కు గారు వంగి, గాజు మూతలోంచి టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఈ ఎడమ గోడ మీద గీతలేంటండీ? కుడివైపు లేవే" అన్నారు.

మా ఆయన వంగి చూశారు. అప్పటిదాకా ఆయన వాటిని చూడనేలేదు. ఆ సంగతి ఆయన మెడ చూస్తేనే తెలిసిపోయింది నాకు. తప్పు దొరికిపోయిందనుకున్నారు. తేరుకుని చిన్నగా నవ్వి, "క్షమించాలి సార్. మా ఆవిడ దుమ్ము దులిపేటప్పుడు గీరుకున్నట్టుంది. ఆడవాళ్ళ చేతులు, చెప్తే వినరు" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మూసిన విమానంలో, గాజు మూత కింద, దుమ్ము ఎలా దులుపుతానో అడగాలని ఒక్కరికీ తోచలేదు. సంచీ కింద పెట్టాను. తాడు ఎత్తి దాని కిందుగా దూరి బల్ల దగ్గరకెళ్ళాను.

"గీరుకోలేదండీ. వేశాను" అన్నాను.

మెకానిక్కు గారు టార్చి ఆపలేదు. "ఎందుకమ్మా?"

"ఎడమ చెయ్యి పిడి మీద ఉంటుంది కదండీ. మణికట్టు ఆ అంచుకి ఆనుతుంది. గుండీ రాసుకుంటుంది. చెయ్యి పైకీ కిందకీ కదులుతుంది గనుక గీతలు వంపుగా పడతాయి. కుడి చెయ్యి గోడకి తగలదు, అందుకని అటు లేవు."

ఆయన నిటారుగా నిలబడ్డారు. "ఇరవై ఆరేళ్ళు ఇలాంటి విమానాలకే పని చేశాను. ఏ కాక్‌పిట్‌లో తల పెట్టినా సరిగ్గా ఇక్కడే ఈ గీతలు. ఏ ఫోటోలోనూ కనపడవు. మీకెలా తెలిసింది?"

"మా సింకు దగ్గర ఉన్నాయండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. అర్థమైనట్టు తలాడించారు. "అయితే దుమ్ము దులిపింది మీరేనన్నమాట."

"ఇంట్లో దుమ్ము దులిపేది నేనేనండీ. ఇది చేసింది కూడా నేనే. పదకొండేళ్ళుగా అన్నీ నేనే."

ఆయన కార్డు తీసి చూసి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు. ఇస్తూ మా ఆయన వైపు చూడలేదు, మా ఆయన అనుమతి అడగలేదు. కార్డు మీద మా ఆయన పేరుని కొట్టెయ్యలేదు నేను. దాని ముందు 'విమానం' అని రాశాను. కింద 'కాక్‌పిట్' అని రాసి నా పేరు రాశాను. డయల్లో ముల్లు గీసే చెయ్యి కదా, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మొదటి బహుమతి వేరెవరికో వచ్చింది. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

ఇంటికొచ్చి ఆయన తాళం తీస్తూ "నలుగురిలో నా పరువు తీశావ్" అన్నారు.

"గీతలు ఎందుకున్నాయో అడిగారు, చెప్పాను."

"ఇంట్లో చెప్పచ్చుగా నాకు."

"పదకొండేళ్ళు ఇంట్లోనే ఉన్నానండీ" అన్నాను. ఆయన చెప్పులు విప్పుకుని లోపలికెళ్ళిపోయారు. నేను ఆ పూట వంటింట్లోకి వెళ్ళి సింకు అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. ఆకలేసింది.

తర్వాత రెండు నెలలు ఆయన బీరువా తెరవలేదు. ఈలోగా మెకానిక్కు గారు తన దగ్గరున్న పాత ఫోటోలు ఓ కవరు నిండా, ఆ రోజు నన్నడిగి రాసుకున్న ల్యాబు అడ్రసుకి పంపించారు. కవరు మీద నా పేరు చూసి మా ఓనరు "ఎవరిది ఇది?" అని అందర్నీ అడుగుతూ తిరిగాడు. ఇన్నేళ్ళైనా అతనికి నా పూర్తి పేరు తెలియదు. నాదేనండీ అని తీసుకున్నాను. ఆ ఫోటోలు చూసి నేనొకటి మొదలుపెట్టాను. ఒట్టి కాక్‌పిట్. అరచెయ్యంత పెద్దది. రెక్కలు లేవు, తోక లేదు, మూసే పొట్ట లేదు. వచ్చే ప్రదర్శనకి నా పేరు మీద వెళ్తుంది.

నిన్న ఆదివారం. కిటికీ పక్కన కూర్చుని కుర్చీ వెనక తోలు పగుళ్ళు గీస్తున్నాను. మా ఆయన కొత్త పెట్టె పట్టుకుని వచ్చారు. విమానం పొట్ట రెండు సగాలూ అప్పటికే కత్తిరించి, నునుపు చేసి ఉన్నాయి. వాటిని నా బల్ల అంచున మెల్లగా పెట్టారు, ఎప్పుడూ పెట్టే చోటే.

"ఒక్క ఐదు నిమిషాలు చూస్తావా దీన్ని" అన్నారు. గొంతులో కాస్త బతిమాలుడు ఉంది. నేను తలెత్తలేదు. ఆయన నా చేతిలోదాన్ని చూశారు. "విమానం లేకుండా ఒట్టి కాక్‌పిట్టా? ఎవరైనా చూస్తారా దీన్ని?"

"ఇన్నేళ్ళూ చూసింది దాన్నేనండీ."

ఆయన రెండు సగాల్నీ చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి ఆనించి చూశారు. లోపల ఖాళీ. "మరి నాదో? కాక్‌పిట్ లేకుండా దీన్ని ఎలా మూసేది?"

నేను బ్రష్షు కడిగి, కొసని వేళ్ళ మధ్య సన్నగా నొక్కి, రంగులో ముంచాను.

"మూసెయ్యండి" అన్నాను. "గాజుకి పూసే నల్ల రంగు రెండో అరలో ఉంది."