పాలల్లో పన్ను

"నీ నోట మంచి మాటే రాదే" అంటాడు మా ఆయన బుడాన్. పిల్ల సైకిలెక్కితే పడుతుందంటాను, బస్సెక్కితే బోల్తా కొడుతుందంటాను, అందుకని. ఆ రోజూ కల్లంలో మిరపకాయల ముచ్చికలు తీస్తూ, ట్రాక్టరు ట్రక్కు మీద ఆడుతున్న షిరీన్‌ని చూసి "దిగవే, పడతావు" అన్నాను. "ఊరికే అట్టా అనబాకే" అని విసుక్కుంది అత్త. అంతలోనే పడింది.

పదకొండేళ్ల పిల్ల. ట్రక్కు అంచు తగిలి పెదవి చీలింది, ముందు పన్ను ఊడి కాయల్లో పడింది. పిల్ల సొమ్మసిల్లింది. నా చేతుల నిండా కారం. కన్నబిడ్డ మూతి కూడా తుడవలేని చేతులు! పన్ను అత్తే ఏరింది. బడి మీటింగులో పళ్ల డాక్టరమ్మ చెప్పింది నాకు గుర్తే. ఊడిన పన్ను ఆరనివ్వకండి, పాలల్లో వేసి వెంటనే తెండి అంది. మిగతా తల్లులు కబుర్లలో ఉంటే నేను భయంభయంగా విన్నాను. కానీ కల్లంలో పాలెక్కడివి?

అంబులెన్స్‌లో వచ్చిన కోటేష్ చకచకా నాడి చూశాడు, రక్తం ఆపాడు, పిల్లకి తెలివి తెప్పించాడు. ఘాటుకి ముక్కూ నోరూ కలిపి కట్టుకున్న గుడ్డలోంచే అన్నాను, "పన్ను పాలల్లో..."

"పాలపన్నా? అయితే దిగులెందుకమ్మా, మళ్లీ వస్తదిలే" అంటూ అత్త చేతిలోని పన్ను తీసుకుని దూదిలో చుట్టి నాకిచ్చాడు.

"కాదండీ, పాలు..."

"ఆయనకి తెలీంది నీకు తెలుసా? నోరు మూసుకుని ఎక్కు" అన్నాడు బుడాన్.

మూసుకున్నాను. దారిలో కోటేష్ తనే అన్నాడు. "గుండెపోటు, పాముకాటు, కాన్పు, అన్నీ నేర్పారమ్మా. పళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు." అప్పుడైనా చెప్పొచ్చు. ముందు సీట్లో మా ఆయన ఉన్నాడని ఊరుకున్నాను. అలా ఊరుకునే, పాలు దొరికే రెండు టీ కొట్లు దాటాను.

బ్రాడీపేటలో పళ్ల డాక్టరమ్మ దూది విప్పి చూసింది. "ఎండిపోయింది. పెట్టి చూస్తాను గానీ నిలుస్తుందని చెప్పలేను. పాలల్లో వేసి తేవాల్సింది."

"తల్లివి, ఆ మాత్రం తెలీదంటే!" అన్నాడు బుడాన్, ఆమె ముందే.

"తెలుసు. నువ్వు నోరు మూసుకోమన్నావు, మూసుకున్నాను" అన్నాను. కుర్చీలో షిరీన్ కళ్లు నా వైపు తిరిగాయి.

పొద్దున కల్లానికి దారి అడగడానికి కోటేష్ చేసిన నంబరు నా ఫోనులో ఉంది. వరండాలోకి వచ్చి చేశాను.

"అది పాలపన్ను కాదండీ. పాలల్లో వెయ్యమన్నాను."

"అయ్యో... నేనే సరిగ్గా వినలేదమ్మా. పాలల్లో ఎట్టా వెయ్యాలో చెప్పండి, మా వాళ్లందరికీ చెప్తాను."

"ఎవరితోనే అంతసేపు?" లోపల్నించి బుడాన్ అరుస్తున్నాడు.

"వేరు ముట్టుకోకూడదండీ, తెల్లటి వైపే పట్టుకోవాలి" అన్నాను. "రాసుకోండి."