ఐదు పాయింట్ల హోదా

ఈ దేశంలో ఉద్యోగం చేసే హక్కు నాకు లేదు. మా ఆవిడ వీసా పట్టుకుని వేలాడుతూ వచ్చినవాణ్ణి. కాగితాల్లో నన్ను డిపెండెంటు అంటారు. మొదట్లో ఆ మాట చూస్తే ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది. అయినా ఊరికే కూర్చుని తింటున్నాడన్న మాట రాకూడదని నాకు నేనే ఒక ఉద్యోగం ఇచ్చుకున్నాను. మా వీసా ఫైలు చూసుకోవడం.

ఇక్కడికి రాకముందు పద్నాలుగేళ్ళు ఒక ఆఫీసులో గుమస్తాగా చేశాను. ఏ కాగితం మీద ఏ కాగితం పెట్టాలో, ట్యాగు ఎక్కడ కట్టాలో, పై అధికారి కళ్ళు ముందుగా దేని మీద పడతాయో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. మనిషి ఏం పని చేస్తాడో ఎవడూ చదవడు, పేరు కింద హోదా ఏముందో అదే చదువుతారు. పద్నాలుగేళ్ళలో నేను నేర్చుకున్న విద్య అంతా ఇదే. అదే మా కొంప ముంచింది.

మా ఆవిడ పళ్ళు చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చు తీసి ల్యాబుకి పంపిస్తారు. అందులోంచి ప్లాస్టరు దవడ పోసి, పింగాణీ పొడిని తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి ఒక్కొక్క పన్నూ తీస్తుంది. ముందు పళ్ళంటే ఆవిడకి ప్రాణం. పక్క పన్ను మీద ఏళ్ళ తరబడి తాగిన కాఫీ మరక ఉంటే, కొత్త పన్ను మీదా ఆ నీడ వేస్తుంది. పెట్టించుకున్నవాడు నవ్వితే ఏది సొంతమో ఏది పెట్టుడో వాడి పెళ్ళామే చెప్పలేదు. బస్సులో ఎవరైనా నవ్వితే ఈవిడ మొహం చూడదు, తిన్నగా నోట్లోకి చూస్తుంది. నేను మోచేత్తో పొడవాలి.

నాలుగేళ్ళ కిందట శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు, అనుభవ పత్రంలో ఏం రాయమంటారని ల్యాబు యజమాని నాకు ఫోన్ చేశాడు. మంచివాడే, కాగితం పనంటేనే హడలు. నేను రూల్సు పుస్తకం నమిలి మింగి ఉన్నాను. టెక్నీషియన్ అంటే మామూలు పాయింట్లు. సూపర్‌వైజరు అంటే ఐదు పాయింట్లు ఎక్కువ.

మా ఆవిడ ఒప్పుకోలేదు.

"నేను పళ్ళు చేస్తానండీ. ఎవరి మీదా పెత్తనం చెయ్యను."

"కొత్తగా వచ్చినవాళ్ళకి నేర్పేది ఎవరు?"

"నేనే."

"వాళ్ళు చేసింది బాగుందో లేదో చూసేది?"

"నేనే. అయితే మాత్రం? రోజు మొత్తంలో అదెంతసేపని? చేసే పనే రాద్దామండీ."

"నీకు ఫైళ్ళ సంగతి తెలీదు, నువ్వూరుకో" అన్నాను.

ఊరుకుంది. యజమాని నిజంగానే హోదా మార్చాడు, కాబట్టి అబద్ధమని ఎవరూ అనలేరు. పత్రం మాత్రం నేనే రాశాను. శిక్షణ, పర్యవేక్షణ, నాణ్యత తనిఖీ అని పేజీన్నర నింపాను. పింగాణీ గురించి ఒక్క ముక్క లేదు. ఆవిడ బల్ల మీద హోదా చెక్కిన చిన్న ఇత్తడి రేకు కూడా పెట్టించాడు యజమాని. ఆవిడ దాన్ని తన కుంచెలు ఆనించుకోవడానికి వాడుకుంది.

అప్పుడామెకి నలభై ఒకటి. వయసు పరిమితి నలభై అయిదు. క్యూలో చేరిన రోజు వయసే లెక్క, తర్వాత ఎన్నేళ్ళు పట్టినా ఫరవాలేదు అన్నారు. ఇంకేం, నిశ్చింతగా కూర్చున్నాం. కూర్చోవడమంటే అలా ఇలా కాదు. గోడకి మేకు కొట్టాలంటే, కాగితం వచ్చాక సొంతిల్లు చూసుకుంటాం కదా అని ఆగాం. మంచం కోడు విరిగితే కింద ఇటుక పెట్టాం. ఎనిమిదేళ్ళ పిల్లగా ఇక్కడికొచ్చిన మా అమ్మాయి పదిహేనులో పడింది. కుక్కపిల్లని పెంచుకుందామని అది నాలుగేళ్ళుగా పోరుతోంది. కాగితం రానీ, కాగితం రానీ అని దాన్ని ఆపుతూ వచ్చాను. ఇప్పుడది అడగడం కూడా మానేసింది.

రోజూ పొద్దున్న వాళ్ళిద్దరూ వెళ్ళాక, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చుని ఆ వెబ్‌సైట్ చూడటం నా డ్యూటీ. ఆ మంగళవారం కూడా అలాగే చూశాను. కొత్త జాబితా పెట్టారు. చేతులతో పని చేసేవాళ్ళు కావాలట, పని చేయించేవాళ్ళు చాలా మంది ఉన్నారట. దంత టెక్నీషియన్లు జాబితాలో ఉన్నారు, పైగా ముందు వరసలోకి తెచ్చారు. దంత ల్యాబు సూపర్‌వైజర్లని తీసేశారు. తీసేసిన వృత్తుల కింద క్యూలో ఉన్న దరఖాస్తులన్నీ నేటితో మూసివేయబడినవి.

మూడుసార్లు చదివాను. మా నంబరు కొట్టి చూస్తే "మూసివేయబడినది" అని వచ్చింది. పద్నాలుగేళ్ళు అదే ముద్ర నేను ఎందరి ఫైళ్ళ మీద కొట్టానో! కొట్టేటప్పుడు ఒక్కసారి కూడా ఆ పేరు ఎవరిదని చూసిన పాపాన పోలేదు.

మా దరఖాస్తు పెట్టిన కన్సల్టెంటుకి ఫోన్ చేశాను.

"అప్పీలు చేద్దాం" అన్నాను.

"అప్పీలు తిరస్కరిస్తే కదా సార్ చేసేది? మీది తిరస్కరించలేదు. మూసేశారు, అంతే."

"అయితే టెక్నీషియన్ కింద కొత్తగా పెడదాం. ఆవిడ చేసేదే ఆ పని."

"అప్పుడు మీరిచ్చిన ఉత్తరంలో వేరేలా ఉంది కదా సార్. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని అడుగుతారు. అదీ కాక, కొత్తగా పెడితే ఇవాళ్టి వయసు లెక్క. మేడమ్‌కి ఎంత?"

నలభై అయిదు నిండి రెండు నెలలైంది. మొన్ననే చిన్న కేకు కోశాం.

"పోనీ మొదటే టెక్నీషియన్ అని పెట్టి ఉంటే?"

"ఈ పాటికి పిలుపు వచ్చేసేది సార్" అన్నాడు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాడో నా చెవికెక్కలేదు.

ఇంట్లో ఉండలేకపోయాను. చొక్కా మార్చుకుని ల్యాబుకి నడిచాను. ఎలా చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి "నేనే చేశాను" అన్న దగ్గరికే వస్తోంది.

మా ఆవిడ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంది. కళ్ళకి భూతద్దం, చేతిలో కుంచె. ఎదురు బల్ల దగ్గర పిచ్చుక. సన్నగా ఉంటుంది, నోరు ఒక్క క్షణం ఆగదు, అందుకని ల్యాబులో అందరూ పిచ్చుక అంటారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళ కిందట కుంచె పట్టుకోవడం కూడా రాకుండా వస్తే మా ఆవిడే చెయ్యి పట్టి నేర్పింది. రెండేళ్ళ కిందట దరఖాస్తు పెట్టుకుంది, ఒట్టి టెక్నీషియన్‌గా. "ఐదు పాయింట్లు తక్కువమ్మా నీకు, మా వెనకాల మెల్లగా వద్దువుగానిలే" అని ఎన్నిసార్లు ఏడిపించానో దాన్ని. ఆ రోజు పిచ్చుక నన్ను చూసి తల దించుకుంది. ఒక్క మాట లేదు. అప్పుడే నాకు అర్థమైంది.

"ఇటుగా వెళ్తూ వచ్చాను" అన్నాను మా ఆవిడతో నీళ్ళు నములుతూ.

"తెలుసండీ" అంది కుంచె ఆపకుండా. "పొద్దున్నే పిచ్చుక ఫోన్లో చూపించింది. మీకెలా చెప్పాలా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను."

నాకెలా చెప్పాలా అని!

"మీరు అన్నం తిన్నారా?"

"లేదు."

"ఇంటికెళ్ళి తినండి. ఇది ఇవాళ కాల్చేసి ఇవ్వాలి, పాపం ఆయన కూతురి పెళ్ళట, పన్ను లేకుండా ఫొటోలో ఎలా నిలబడతాడు?" అని ఆ పన్నుని వెలుతురుకి పెట్టి చూసుకుంది. కొస మీద చిన్న పెచ్చు ఊడినట్టు గీత కూడా వేసింది. ఇత్తడి రేకు మీద కుంచెలు ఆనించి ఉన్నాయి.

నన్ను ఎప్పుడు తిడుతుందా అని ఆ వారమంతా ఎదురుచూశాను. తిడితే బాగుండేది. గిన్నెలు ఎత్తి పడేసినా బాగుండేది. ఆవిడ మామూలుగా లేచింది, మామూలుగా వెళ్ళింది, వచ్చి కాళ్ళు నొప్పులంది. ఒక్కసారి మాత్రం "మనకి ఎప్పటిదాకా ఉందండీ?" అని అడిగింది. వర్క్ పర్మిట్ జూన్ దాకా. రెండుసార్లు పొడిగించేశారు, మూడోసారి లేదు. "అయితే దీని పరీక్షలు అయిపోతాయి" అంది అమ్మాయి వైపు చూసి.

అమ్మాయి వచ్చే ఏడాది సబ్జెక్టుల కాగితం నా ముందు పెట్టింది. "నాన్నా, ఇది నింపాలా, వద్దా?"

"నింపమ్మా."

"నింపితే ఉంటామా?"

నేను అటు తిరిగి కిటికీ వేశాను. అది కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని గదిలోకి పోయింది. తలుపు మెల్లగానే వేసుకుంది. గట్టిగా వేసుకున్నా నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. చేతిలో ఫైలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రామ్మా లోపలికి" అంది మా ఆవిడ.

"అక్కా, నాకు పిలుపు వచ్చింది."

మా ఆవిడ దాన్ని దగ్గరికి తీసుకుని వీపు తట్టింది. "మంచి మాటేగా, ఏడుస్తావేమిటే?"

"పని అనుభవం ఉత్తరం కావాలట అక్కా. నా చేత పని చేయించిన సూపర్‌వైజరే సంతకం పెట్టాలట. ఓనరు సంతకం చెల్లదట. చేసే పని ఒక్కొక్కటీ వివరంగా రాయాలట, ముప్ఫై రోజుల్లో. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మూడు రోజుల నుంచీ తిరుగుతున్నాను మీ వీధిలో."

"మీ బావగారు రాస్తారు" అంది మా ఆవిడ. "కాగితం పని ఆయన్ని మించినవాళ్ళు లేరు." అందులో వెటకారం ఉందేమోనని మొహం వెతికాను. లేదు. అది ఇంకా నరకంగా ఉంది నాకు.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా ఆవిడ వెనకాల నిలబడి పిచ్చుక చేసే పని ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. నోటి అచ్చు చూసి లోపం ఉంటే కనిపెడుతుంది. ప్లాస్టరు దవడ పోసి కొరుకుడు సరిచూస్తుంది. పక్క పళ్ళ రంగు చూసి నాలుగు పొడులు కలిపి ఆ రంగు పట్టుకుంటుంది. పింగాణీ పొరలు చేత్తో వేస్తుంది, కాలాక ఎంత కుంచించుకుపోతుందో ముందే అంచనా కట్టి ఆ మేరకి పెద్దదిగా వేస్తుంది. మనిషి వయసుని బట్టి అరుగుదల దిద్దుతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని చెబుతోంది, చేతివేళ్ళు గాలిలోనే ఆ పని చేస్తున్నాయి. పిచ్చుక సన్నగా "అక్కా, అరుగుదల నాకింకా సరిగ్గా రాదు కదా" అంది. "వస్తుందిలే, మొన్న చేసిన రెండూ బాగున్నాయి, నిజమే రాయిస్తున్నాను" అంది మా ఆవిడ.

నేను టైపు చేస్తున్నాను. నాలుగేళ్ళ కిందట ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే మనిషి వెనకాల నిలబడి "చేసే పనే రాద్దామండీ" అంటే ఊరుకోమన్నాను. అక్షరాలు అలుక్కుపోయి కనబడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ అంతే.

ప్రింటు తీశాను. మా ఆవిడ కలం అందుకుంది. సంతకం పెట్టే చోట కింద ఆవిడ పేరు, దాని కింద హోదా వేసి ఉంది. కలం కొస ఆ హోదా మీద ఆనించింది.

"ఈ సూపర్‌వైజరన్నది తీసేస్తే ఏమండీ?"

"తీసేస్తే ఉత్తరం చెల్లదు" అన్నాను.

"అయితే ఉండనీండి" అని సంతకం పెట్టింది.

పిచ్చుక ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. ఉత్తరం ఇంకా కంప్యూటరు తెర మీదే ఉంది. పిచ్చుక పేరున్న ప్రతిచోటా దాన్ని తీసి మా ఆవిడ పేరు పెట్టుకుంటూ, మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఇంకొక్క మాట కూడా మార్చనక్కర్లేకపోయింది.