సెలవు పెట్టని వినార్తి

దీర్ఘకాలిక జబ్బులున్న ఆడవాళ్లు పనికి ఎప్పుడు నాగా పెడతారు, ఎందుకు పెడతారు? ఇదీ కినంతి పిహెచ్‌డీ అంశం. ఇండోనేషియాలోని సెమరాంగ్ నగర శివార్లలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆమె మాట్లాడిన వాళ్లందరిలోకీ వినార్తి వింత మనిషి. కీళ్లవాతం ఆమె వేళ్లను కొంకర్లు తిప్పేసింది. మాట్లాడటానికి కినంతి ఆమె ఇంటికి వెళ్లిన రోజున వినార్తి సీసా మూత కూడా తిప్పలేకపోతే కినంతే తీసిచ్చింది. అలాంటి మనిషి ఏళ్ల తరబడి ఒక్క సెలవూ పెట్టలేదు!

"ఈ వేళ్లతో కాలర్లు ఎలా కుడతారు?" అనడిగితే, "మిషన్ ముందు కూర్చుంటే అవే కదులుతాయి మేడమ్," అని నవ్వేసింది వినార్తి.

మనోబలం గురించి కినంతి ఒక అధ్యాయమే రాసింది. ప్రొఫెసర్ మురిసిపోయాడు.

తర్వాత ఒకరోజు కుట్టు లైన్ దగ్గర కూర్చుని చూడటానికి ఆమెకు అనుమతి దొరికింది. లోపల ఆవిరి, దూది నుసి. అందరి తలలకూ ముసుగులు, ముఖాలకు మాస్కులు. వినార్తి మిషన్ దగ్గరున్న మనిషి పలకరించినా తలెత్తలేదు. పని ఒత్తిడేమో అనుకుంది కినంతి. భోజనం గంట కొట్టకముందే ఆ మనిషి స్టూలు మీంచి పక్కకు ఒరిగి దబ్బున పడిపోయింది.

లైన్ సూపర్‌వైజర్ సుపార్మి, కినంతి కలిసి ఆమెను ఫ్యాక్టరీ వ్యాన్‌లో దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి చేర్చారు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పాదం మీద పుండు చీము పట్టి కాలంతా వాచింది. స్పృహ లేదు. డాక్టర్ ఆమె మెడలోని ఫ్యాక్టరీ కార్డు మీదున్న ఆరోగ్య బీమా నంబరు కంప్యూటర్‌లో కొట్టి పాత కేసు వివరాలు చూశాడు.

"వినార్తి. కీళ్లవాతం. పడని మందులేవీ లేవు. సిస్టర్, పెన్సిలిన్ రెడీ చెయ్యండి."

నర్సు వచ్చేలోగా ఆ చేతిని పట్టుకుంది కినంతి. పట్టుకున్నదల్లా అలాగే బిగుసుకుపోయింది. వేళ్లు తిన్నగా, నున్నగా ఉన్నాయి. ఒక్క కణుపూ వాచలేదు. మాస్కు కిందికి లాగి చూసింది. అదే ముక్కు, అదే నుదురు. కానీ ఈ ముఖాన్ని తానెన్నడూ చూడలేదు.

"ఈమె వినార్తి కాదు!"

సుపార్మి ఆమె మోచెయ్యి పట్టి గోడ పక్కకు లాక్కెళ్లింది. "నోరు ముయ్యి తల్లీ! బయట వ్యాన్ డ్రైవర్ ఉన్నాడు. అది వినార్తి చెల్లెలు మర్సిని. నాగా పెడితే పని పోతుందని, అక్కకి చేతులు పనిచెయ్యని రోజు ఇదొస్తుంది."

"మీకు తెలుసా?"

"లైన్ మొత్తానికీ తెలుసు. తెలీనిది మేనేజర్‌కీ మీకూ."

అవతల నర్సు సిరంజిలోకి మందు లాగుతోంది.

"ఆగండి!" అని అరిచింది కినంతి. "ఆ వివరాలు ఈమెవి కావు. ఈమె పేరు మర్సిని. ముందు వాళ్లక్కకి ఫోన్ చెయ్యండి."

సుపార్మి తల పట్టుకుంది. అయినా ఫోన్ తీసి వినార్తికి పెన్సిలిన్ సంగతి చెప్పింది. అవతలి నుంచి వినార్తి అరుపు గదంతా వినిపించింది: "దానికి పెన్సిలిన్ పడదే! చిన్నప్పుడు చావు తప్పి బతికింది! ఆపు, ఆపు!"

నర్సు సిరంజి పక్కన పెట్టేసింది. వేరే మందు ఎక్కించారు. సాయంత్రానికి మర్సిని కళ్లు తెరిచి, అక్కను చూసి మొదట అడిగింది ఒక్కటే: "నీకు ఆబ్సెంట్ వేశారా?"

"ఒసే పిచ్చిదానా, ఈ కాలితో ఎందుకెళ్లావే?" అంటూ వినార్తి వంకర వేళ్లతోనే చెల్లెలి చెంప నిమిరింది.

"నిన్ను నువ్వు చూసుకున్నావా పొద్దున? చెంచా పట్టుకోలేకపోయావు. ఎవరో ఒకరు వెళ్లాలిగా."

డ్రైవర్ ద్వారా సంగతి ఫ్యాక్టరీకి పాకింది. వారం తిరక్కుండానే వినార్తి ఉద్యోగం పోయింది. సుపార్మిని లైన్ నుంచి తీసి గోడౌన్‌లో వేశారు. కినంతి వెళ్లి మేనేజర్‌ను బతిమాలింది. ఆయన టీ ఇచ్చి, మర్యాదగా గుమ్మం దాకా సాగనంపాడు.

క్షమాపణ అడగడానికి వెళ్తే వినార్తి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. "మీరు అరవకపోతే నా చెల్లెలు దక్కేది కాదు. ఉద్యోగం పోయిందన్న మంట ఉంది, లేదని చెప్పను. మీ మీద మాత్రం కాదు." తన వేళ్లకేసి చూసుకుని, "నన్నేదో వీరనారిలా రాశారట కదా? ఆ కాగితాలు చించెయ్యండి మేడమ్. సిగ్గుగా ఉంది. నేను రాలేని రోజులు బోలెడు," అంది.

ఆ అధ్యాయం తప్పని కినంతి ప్రొఫెసర్‌కు చెప్పింది. "మరి నాగా పెట్టని మిగతావాళ్లు?" అన్నాడాయన.

అదే భయంతో ఆమె మళ్లీ మొదటినుంచి ఇళ్లు తిరగడం మొదలుపెట్టింది. మొదట కలిసింది షుగర్ జబ్బుతో చూపు మందగించిన తుమినాను. ఆమె కూడా నాగా పెట్టని మనిషే. టేపు ఆన్ చెయ్యకుండా మెల్లగా అడిగింది కినంతి: "మీకు బాగోలేని రోజు మీ బదులు ఎవరెళ్తారు?"

తుమినా చెంగుతో చేతులు తుడుచుకుంది. లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించింది.

"మా అమ్మాయి. దానికి పదమూడేళ్లు. బడి మాన్పించానని మాత్రం ఎక్కడా రాయొద్దమ్మా."