తెర బాబాయి వేషం

నిచ్చెన పై మెట్టు మీద నిలబడి తెర బాబాయి కప్పీకి నూనె పెడుతున్నాడు. దూలానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఇనుప కప్పీలు; రెండింటి మీదుగా ఒకటే తాడు. ఒక వరస లాగితే తెర రెండు సగాలుగా విడిపోతుంది, రెండో వరస లాగితే కలుసుకుంటుంది. ఇంతకు మించి అందులో విద్యేమీ లేదు. ఎవరైనా అడిగితే ఆయనా అదే చెబుతాడు. కాకపోతే ఎవరూ అడగరు.

సన్నటి మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. అరచేతులు మాత్రం ఆ ఒంటికి నప్పవు. ఎవరో బండమనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంటాయి. వేళ్ల మొదళ్లలో చర్మం కాయలు కాచి పసుపురంగుకు తిరిగింది. పెళ్లయిన కొత్తలో భార్య ఆ చేతులు చూసి, మీరు బావులు తవ్వుతారా అని అడిగిందట.

కింద నిచ్చెన పట్టుకుని మాస్టారి కూతురు నిలబడి ఉంది. ఈ నాటకాల హాలు పెట్టిన మాస్టారు పోయాక దాని బరువంతా ఆమె నెత్తినే పడింది. ఆమె వచ్చి నిచ్చెన పట్టుకోవడమే ఒక వింత. ఏదో చెప్పడానికి వచ్చిందని బాబాయికి తెలుసు. దిగితే వినాల్సి వస్తుందని నూనె పెట్టిన కప్పీకే మళ్లీ నూనె పెట్టాడు.

“దిగండి బాబాయ్. ఇవాళ నూనె వద్దు.”

దిగాడు. ఆమె వేదిక అంచున కూర్చుని, ఆయన్నీ కూర్చోమంది. చిన్న చిన్న నాటకశాలలకూ, సొంతంగా ప్రదర్శనలిచ్చుకునే కళాకారులకూ గ్రాంటు ఇచ్చే సంస్థ ఒకటుంది. ఆ సంస్థ మనిషి సాయంత్రం ఆట చూడటానికి వస్తున్నాడు. వారం రోజులుగా హాల్లో అందరూ ఆయన్ను గ్రాంటాయన అంటున్నారు. నాటకం ఆడటం ఏపాటి, గ్రాంటు రాబట్టడమే అసలు నాటకం అని ఆమె తరచూ అంటూ ఉంటుంది. ఈ ఏడు వేదిక పరికరం పాడైన హాళ్లకే ఇస్తారట. పరికరం మంజూరైతే దాని వెంట నటుల భృతీ, హాలు అద్దెకు డబ్బూ వస్తాయి. లేకపోతే ఏదీ రాదు. అద్దె కట్టకపోతే, మాస్టారు రాకముందు ఇది పాత సామాన్ల గిడ్డంగి కదా, మళ్లీ గిడ్డంగే అవుతుంది.

హాల్లో పైకప్పు కారుతోంది, వైర్లు వేలాడుతున్నాయి, సగం కుర్చీలకు చేతులు లేవు. వాటిలో ఒక్కటీ పరికరం కింద రాదట. వచ్చేది తెర. అదొక్కటే నిక్షేపంలా ఉంది.

“మోటారు తెర కావాలని రాశాను బాబాయ్. ఆఖర్లో తెర మధ్యలో ఒక్కసారి ఆగిపోవాలి. ఆయన కళ్లారా చూడాలి.”

ఆమె చెడ్డమనిషి కాదు. ఆ మాట అంటూ ఆయన మొహం వైపు చూడలేకపోయింది. భృతి కోసం ఆయన సంగతి కూడా రాద్దామని సంస్థకు ఫోన్ చేసి, తాడు లాగేవాణ్ని కళాకారుల్లో వేయాలా, హాలు సామానులో వేయాలా అని అడిగిందట. రెండింట్లోనూ కుదరదన్నారట. మోటారు వచ్చినా మీరు రావడం మానొద్దు, గుమ్మంలో కూర్చుని టికెట్లు చింపుదురుగాని అంది.

“అలాగేనమ్మా” అన్నాడు బాబాయి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. గ్రాంటు రాకపోతే హాలు ఉండదు, వస్తే తాను ఉండడు. బాధ కలుగుతుందేమోనని కాసేపు కనిపెట్టుకుని కూర్చున్నాడు. కలగలేదు. లేచి నూనె డబ్బా మూత బిగించాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఇల్లంటే వెనక సందులో ఒక గదీ, వంటకు కాస్త చోటూ. భార్య బట్టల దుకాణం వాళ్లకు గుండీలు కుడుతుంది. మంచం మీదా, కిటికీలోనూ, ఒక్కోసారి కంచం పక్కనా గుండీలే. అన్నం కలుపుకుంటూ సంగతంతా చెప్పాడు. ఆమె నోట్లో ఉన్న దారం తెంపి, సూది రవికెకు గుచ్చుకుంది.

“పోతే పోనీండి. కిటికీకి ఒక తెర కట్టిస్తాను. పొద్దస్తమానం లాగుతూ కూర్చోండి.”

నవ్వాల్సిన చోటని తెలిసింది గానీ నవ్వు రాలేదు. ఆమె ఆయన మొహంలోకి పరీక్షగా చూసి, ఏమైందని అడిగింది. ఏం లేదే, ఎడమచెయ్యి కాస్త లాగుతోంది అన్నాడు. లాగక ఏం చేస్తుంది, బతుకంతా దానికి నేర్పింది అదేగా అంది. అని మళ్లీ కాస్త అన్నం వడ్డించింది. తిన్నాడు.

తిరిగి వచ్చాక మాస్టారి కూతురు ఒకసారి ఆపి చూపించమంది. బాబాయి తాడు పట్టుకున్నాడు. సగానికి రాగానే ఆపాలి. చెయ్యి ఆగలేదు, తెర మూసుకుంది. మళ్లీ లాగాడు, మళ్లీ మూసుకుంది. మూడోసారి ఆగింది గానీ ఆగినట్టు లేదు, ఆపినట్టుంది. లైట్ల అబ్బాయి పైనుంచి చూసి పగలబడి నవ్వాడు.

“ఇన్నాళ్లకు మీకో వేషం దొరికింది బాబాయ్. చెడగొట్టుకోకండి.”

ఆ మాట బాబాయికి బాగానే ఉంది. ఆయన ఎన్ని నాటకాలు చూశాడో ఆయనకే తెలియదు, కానీ అన్నీ పక్కనుంచే చూశాడు. ఏ రాజుదైనా, ఏ బిచ్చగాడిదైనా ఆయనకు తెలిసింది ఎడమ చెంపే. రెండో చెంప ఎలా ఉంటుందో చూడటం ఎదురుగా కూర్చున్నవాళ్ల భాగ్యం. తన మొహం ఎటునుంచీ ఎవరికీ కనబడదు. అదేం లోటని ఆయన అనుకోలేదు, ఎవరూ అననూ లేదు.

సాయంత్రం గ్రాంటాయన వచ్చి మూడో వరసలో, చేతులున్న కుర్చీలో కూర్చున్నాడు. మర్యాదస్థుడు, కారుతున్న పైకప్పు వంక చూసి చూడనట్టు ఊరుకున్నాడు. గంట మోగింది. బాబాయి తెర తీశాడు. అది మీగడ మీద వేలు పెట్టినట్టు విడిపోయింది. మాస్టారి కూతురు నడవాలోంచి ఆయన ఉన్న పక్కకు గుర్రుగా చూసింది. నా చెయ్యే నా మాట వినకపోతే నేనేం చెయ్యనమ్మా అని మనసులోనే అనుకున్నాడు.

నాటకం నడుస్తుండగా తాడుకు ఒక ముడి వేశాడు. ముడి కప్పీలో పడితే తెర దానంతటదే బిగుసుకుంటుంది, చేతితో పని ఉండదు. వేసి కాసేపు దాన్నే చూశాడు. ఛీ అనిపించింది. పళ్లతో పట్టి విప్పేశాడు. చెడగొట్టాల్సి వస్తే తన చేత్తోనే చెడగొడతాడు.

ఆఖరి రంగంలో లావుపాటి నటుడు జమీందారు వేషంలో వేదిక నడుమ పడి చచ్చిపోయాడు. లైటు తగ్గింది. బాబాయి తాడు అందుకున్నాడు. చెయ్యి బరువుగా ఉంది, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది. లాగాడు. తెర రెండువైపులా కదిలింది. సగం దాకా వచ్చింది. ఇక్కడే కదా ఆపాలి అనుకున్నాడు. ఆగింది. ఇంత తేలికైన పనికా పొద్దుటినుంచీ తంటాలు పడ్డాను అనుకుని, స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకున్నాడు.

తెర సగంలో నిలిచిపోయింది. ఆ సందులోంచి చచ్చిన జమీందారు అందరికీ కనబడుతూనే ఉన్నాడు. అతను లేవడానికి లేదు, కదలడానికీ లేదు. ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. హాల్లో ఒకరిద్దరు నవ్వారు. గ్రాంటాయన పక్క కుర్చీలో ఉన్న మాస్టారి కూతురి వైపు వంగి, పాపం, ఇది మార్చాల్సిందేనండి అన్నాడు. ఆమెకు ఒళ్లంతా తేలికపడింది. బాబాయి ఎంత బాగా చేశాడు, ఇంకాస్త ఆపినా ఫరవాలేదు అనుకుంది.

చప్పట్లు సద్దుమణిగినా తెర కదల్లేదు. ఆమె పక్కమెట్ల మీదుగా లోపలికి వెళ్లింది. ఆయన స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు, వేళ్లు తాడు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

“చాలు బాబాయ్. చాలా బాగా వచ్చింది. ఇక లాగెయ్యండి.”

ఆయన పలకలేదు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది. వేదిక మీద జమీందారు ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు. ఎవరో ఒకరు తెర వేయాలి కాబట్టి, ఆయన వేళ్లలోంచి తాడు మెల్లగా విడిపించి తానే లాగింది. గట్టిగా లాగాలేమో అనుకుంది. రెండు వేళ్లతో పట్టుకోగానే వచ్చేసింది.

గ్రాంటు వచ్చింది. మీట నొక్కితే తెర తీసే మోటారు వచ్చింది. కొంచెం చప్పుడు చేస్తుంది గానీ ఎక్కడా ఆగదు. నటులకు భృతి అందింది. అందరూ ఆయన్ను తలుచుకున్నారు, తలుచుకుని పనుల్లో పడ్డారు. భార్య ఒకసారి వచ్చి ఆయన చొక్కా, టిఫిన్ డబ్బా తీసుకుని, ఇంకేమీ లేవుగా అని అడిగి వెళ్లింది. లేవన్నారు.

వెనక గుమ్మం దగ్గర ఇరుకు దారిలో, ఆ రోజు పొద్దుటి వానకు తడిసిందని బాబాయి ఆరబెట్టిన నల్లగొడుగు విప్పినది విప్పినట్టే ఉంది, వేషాలు వేసుకుని వేదిక మీదికి వెళ్లేవాళ్లు దానికి తగలకుండా బట్టలు ఎత్తిపట్టుకుని పక్కగా నడిచి వెళుతున్నారు.